రెండోసారి చూడమన్న మామ

మా మేనమామ చనిపోయాడన్న కబురు వచ్చేసరికి నేను ల్యాబులో ఉన్నాను. చేతిలో రెండు రక్తపు గొట్టాలు ఉన్నాయి. రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసే యంత్రంలో ఎదురెదురుగా ఒకే బరువున్న గొట్టాలు పెట్టాలి, లేకపోతే యంత్రం ఊగిపోతుంది. ఆ బరువు సరిచూస్తున్నాను. బల్ల మీద ఫోను మోగింది. అత్త పేరు. పొద్దున పదకొండు గంటలకు అత్త ఎప్పుడూ ఫోన్ చేయదు. అందుకే ఎత్తకముందే తెలిసిపోయింది. అయినా గొట్టాలు స్టాండులో పెట్టి, చేతి తొడుగులు విప్పి, అప్పుడు ఎత్తాను. ఆ కాసేపైనా మామ బతికే ఉన్నాడని అనుకోవాలనిపించింది.

"పోయిండు బిడ్డా," అంది అత్త. "ఇప్పుడే. చాయ్ తాగుతనన్నడు. పెట్టుకొచ్చేసరికి పోయిండు."

నాకు ముందు ఏడుపు రాలేదు, భయం వచ్చింది. ఆయన నన్ను తిట్టాల్సింది ఇంకా మిగిలే ఉందనీ, ఇక తిట్టేవాళ్ళు లేరనీ వచ్చిన భయం అది. గోదావరిఖనిలో మామను ఎరిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఎవరిని కదిలించినా ఆయన ధైర్యం గురించే చెబుతారు. నేను మాత్రం ఆయన భయం గురించి రాయాలనుకుంటున్నాను. నా భయం గురించి కూడా రాయక తప్పదు. ఆయన ఆఖరి ఏడాది ఈ రెండింటి మధ్యే గడిచింది.

మామ బొగ్గుబాయిలో సర్దారు. భూమిలోపల బొగ్గు తవ్వే చోటికి మనుషులు వెళ్ళేముందు సర్దారు వెళ్ళాలి. గాలి బాగుందా, పైకప్పు గట్టిగా ఉందా చూసి, బాగుందంటేనే మిగతావాళ్ళు అడుగుపెట్టాలి. ఒక చెయ్యి పైకప్పుకు ఆనించి, రెండో చేత్తో పొడుగాటి కర్ర పట్టుకుని కొట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల పగులు విచ్చి ఉంటే డబ్బుమంటుంది, ఆనించిన అరచేతికి చిన్న అదురు తగులుతుంది. ముప్పై నాలుగేళ్ళు మామ చేసిన పని ఇదే. ఆయన ఉన్న షిఫ్టులో కప్పు కూలి ఎవరూ పోలేదని అత్త అందరికీ చెప్పుకునేది. మామ మాత్రం ఆ మాట ఎవరైనా అంటే లేచి బయటికి వెళ్ళిపోయేవాడు.

రిటైరయ్యాక కూడా ఆయన కళ్ళు మారలేదు. ఎవరింటికి వెళ్ళినా గడప దాటగానే తల ఎత్తి పైకి చూసేవాడు. ఆ తర్వాతే మనుషులు. నా పెళ్ళిలో అక్షింతలు చేతిలో పట్టుకుని వేదిక మీదికి వచ్చి, ముందు ఫంక్షన్ హాలు పైకప్పును ఈ కొస నుంచి ఆ కొస దాకా చూశాడు. వెనక నుంచి అత్త మోచేత్తో పొడిచింది. "పిల్లను జూడయ్యా, కప్పేడికి పోతది?" అంది. ఫోటోలో నేనూ మా ఆయనా కెమెరాను చూస్తున్నాం, మామ ట్యూబులైటును చూస్తున్నాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా క్వార్టర్ వంటగదిలో గోడ సున్నం ఊడడం మొదలైంది. మా ఇల్లు మామ వాళ్ళ వెనక లైనులోనే. మామ వచ్చి నా అరచెయ్యి గోడకు ఆనించి, "చెవులు గాదు, చెయ్యి వింటది. జర ఊకో, విను," అన్నాడు. వేలితో మూడు చోట్ల తట్టాడు. రెండు చోట్ల ఏమీ తెలియలేదు. మూడోచోట గోడ లోపల ఎవరో మెల్లగా దగ్గినట్టు అనిపించి చెయ్యి లాక్కున్నాను. భయమైందా అని అడిగాడు. అయిందన్నాను. "మంచిది," అన్నాడు. "భయమున్నోడే బాయిల పనికొస్తడు." కొత్తగా వచ్చిన కార్మికులను కూడా ఇదే అడిగేవాడట. భయం లేదన్నవాణ్ణి తన వెనకాలే, చెయ్యి చాస్తే అందేంత దగ్గరలో నడిపించేవాడట.

భయం మాకు కొత్త కాదు. షిఫ్టు మారేటప్పుడు మోగే సైరన్ వేళ గాని వేళ మోగితే బాయిలో ప్రమాదమని అర్థం, కాలనీలో ఆడవాళ్ళందరూ ఎక్కడి పని అక్కడ వదిలి గుమ్మాల్లోకి వచ్చేవాళ్ళు. మా అమ్మ పిండి చేతులతోనే నిలబడేది. ఎవరి మనిషో తెలిసేదాకా ఎవరి ముఖం ఎవరూ చూసుకునేవాళ్ళు కారు. ఆ నిలబడడం నా ఒంట్లో ఎక్కడో అలాగే ఉండిపోయింది. ఇప్పటికీ ఏ చిన్న అనుమానం వచ్చినా నాకు కాళ్ళు కదలవు. మామ భయపడి అడుగు ముందుకు వేసే మనిషి. నేను భయపడి ఆగిపోయే మనిషిని. తేడా ఇంత చిన్నదే గానీ దాని ఖరీదు ఎంతో మాకు ఆఖర్న తెలిసింది.

హైదరాబాదులో నేను ఏం పని చేస్తానో మా ఇంట్లో మామకు తప్ప ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. మన ఒంట్లోని కణాలన్నీ తమలోంచి సంచుల్లాంటివి వదులుతూ ఉంటాయి. వాటిని ఎక్స్‌ట్రాసెల్యులార్ వెసికిల్స్ అంటారు. ఇంట్లో నేను సంచులనే అంటాను. మామూలు సూక్ష్మదర్శినికి కూడా అందనంత చిన్నవి. ఏ కణం వదిలితే ఆ కణం గుర్తులు వాటి పైన ఉంటాయి, ఆ కణంలోని సరుకు కొంత లోపల ఉంటుంది. అవి నెత్తురులో తిరుగుతూ ఉంటాయి. క్యాన్సర్ కణాలు కూడా వదులుతాయి, చాలాసార్లు మామూలు కణాల కంటే ఎక్కువగానే వదులుతాయి. ఊపిరితిత్తిలో సూది గుచ్చి ముక్క తీయకుండా, చేతిలోంచి తీసిన కాస్త నెత్తురులో ఆ సంచులను పట్టుకుని జబ్బును తొందరగా కనిపెట్టగలమా అన్నది మా ప్రయోగం. ఇది ఇంకా ప్రయోగమే. దీన్ని బట్టి ఎవరికీ జబ్బుందని చెప్పే స్థితి రాలేదు.

ఇదంతా నేను చెబుతుంటే మామ చాయ్ సాసరులో పోసుకుని ఊదుకుంటూ విన్నాడు. "అంటే టబ్బు లెక్కన," అన్నాడు. బాయిలో బొగ్గు నింపి పైకి పంపే ఇనుప తొట్టిని టబ్బు అంటారు. వెనకటి రోజుల్లో నింపినవాళ్ళు దాని మీద సుద్దతో తమ నంబరు రాసేవాళ్ళు. "పైన కూసున్నోడు నంబర్ జూసి ఎవడు నింపిండో చెప్తడు. లోపల బొగ్గున్నదా, రాయి నింపిండా, అదిగుడ జూస్తడు. ఆనికి బాయిల దిగే పనే లేదు. గంతేనా?"

"గంతే మామా," అన్నాను. నాకు కొంచెం ఉక్రోషం వచ్చింది. నేను అయిదేళ్ళు కూర్చుని రాసిన థీసిస్‌ను ఆయన ఒక సాసరు చాయ్‌లో ముగించాడు.

అక్కడితో ఆగితే మామ ఎందుకవుతాడు. క్యాన్సర్ వదిలిన సంచులు వట్టిగా తిరుగుతాయా, ఏమైనా పని చేస్తాయా అని అడిగాడు. చేస్తాయని చెప్పాను. కాలేయానికో ఎముకకో ముందుగా చేరి, తర్వాత రాబోయే క్యాన్సర్ కణాలకు అక్కడ చోటు సిద్ధం చేస్తాయని కూడా చెప్పాను. మామ సాసరు కింద పెట్టాడు. "సామాను ముందుగాల పంపి, జాగ మంచిగ జేసుకొని, ఎనక మనిషి వస్తడన్నమాట," అన్నాడు. మిగిలిన చాయ్ తాగకుండానే లేచాడు. ఆ మాట ఆయనతో చెప్పకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

మా ప్రయోగానికి క్యాన్సర్ ఉన్నవాళ్ళ నెత్తురుతో పాటు, ఏళ్ళ తరబడి దుమ్ము పీల్చినా క్యాన్సర్ లేనివాళ్ళ నెత్తురు కూడా కావాల్సి వచ్చింది. దుమ్ముపట్టిన ఊపిరితిత్తులకూ జబ్బుపడిన ఊపిరితిత్తులకూ తేడా తెలియాలి గదా. అలాంటివాళ్ళు మా కాలనీలో కాక ఇంకెక్కడ ఉంటారు? మామకు చెప్పాను. వారం తిరిగేసరికి కమ్యూనిటీ హాల్లో తనతో కలిపి పద్దెనిమిది మంది రిటైరైన కార్మికులను కూర్చోబెట్టాడు. షిఫ్టు హాజరు పిలిచినట్టు పేర్లు పిలిచాడు. ఒకాయన కుర్చీలోంచి లేవలేదు.

"నెత్తురు దీసి అన్‌ఫిట్ అంటరేమో సర్దారూ."

"నువ్వు రిటైరయి పన్నెండేండ్లాయె. నిన్నింక ఏం అన్‌ఫిట్ జేస్తరే? లేచి రా."

అందరూ నవ్వారు. మామ మొదటి కుర్చీలో తానే కూర్చుని చెయ్యి చాచాడు. సూది దిగుతుంటే పక్కకు తిరిగి దగ్గాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. బాయిలో పనిచేసినవాళ్ళ దగ్గును మా దగ్గర ఎవరూ పట్టించుకోరు. కఫం నల్లగా ఉంటే బొగ్గు పోతుందని సంతోషిస్తారు. నేనూ అక్కడే పుట్టినదాన్ని, నాకూ అది దగ్గులా వినబడలేదు. ఊపిరితిత్తుల మీద పనిచేసే నాకు, నా చేతిలో సూది ఉండగా, ఎదురుగా కూర్చున్న మనిషి దగ్గు వినబడలేదు.

రెండో తప్పు అదే రోజు చేశాను. తీసిన నెత్తురును అక్కడికక్కడే యంత్రంలో తిప్పి వేరుచేయాలి. ఆ చిన్న యంత్రం బరువని హైదరాబాదులోనే వదిలి వచ్చాను. నాలుగైదు గంటల దారే గదా అనుకున్నాను. గొట్టాలను డబ్బాలో సర్ది జీపు వెనక సీట్లో పెట్టించాను. బొగ్గు లారీలు తిరిగి తిరిగి గుంతలు పడ్డ రోడ్డది. నెత్తురు అలా కుదిపితే అందులోని ప్లేట్‌లెట్ కణాలు చికాకు పడి సంచులను కుప్పలుగా వదులుతాయి. ఇది నాకు తెలుసు. విద్యార్థులకు పాఠం చెప్పేదాన్ని కూడా.

పది రోజుల తర్వాత ఫలితాలు వచ్చాయి. పద్దెనిమిదింటిలోనూ సంచుల లెక్క ఉండాల్సినదాని కంటే ఎక్కువే ఉంది. మా విభాగం పెద్ద మేడమ్ చూసి, "బాగా కుదిపారు. ఇవి పనికిరావు, మళ్ళీ తీసుకురండి," అన్నారు. ఆమె అన్నది నిజమే. కానీ ఒక గొట్టంలో ఇంకోటి కూడా ఉంది. ప్లేట్‌లెట్ సంచులు కాకుండా, ఊపిరితిత్తి కణాల గుర్తున్న సంచులు ఎక్కువగా ఉన్నాయి. మా దగ్గర క్యాన్సర్ రోగుల నెత్తురులో మేం చూసే గుర్తు అది. గొట్టాల మీద పేర్లుండవు, అంకెలే ఉంటాయి. ఆ అంకెలు వేసింది నేనే. మొదటి కుర్చీ, మొదటి అంకె.

ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాను. మేడమ్‌కు ఆ గుర్తు సంగతి చెప్పలేదు. రోడ్డు కుదుపుకు ఏదైనా జరగవచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను. నెత్తురిచ్చినవాళ్ళు సంతకం పెట్టిన ఒప్పుకోలు పత్రంలో ఫలితాలు ఎవరికీ విడిగా తెలపబడవని రాసి ఉంది, అది కూడా నాకు సాయానికి వచ్చింది. మళ్ళీ వెళ్ళి తీసుకురావాలి, అంతే. ఆ నెల రసాయనాలు రాలేదు. పై నెల మా పాపకు పరీక్షలు. ఆ తర్వాత ఎండలు. కారణాలన్నీ నిజమైనవే, ఒక్కటీ అబద్ధం కాదు. అసలు సంగతి మాత్రం వేరే. మళ్ళీ చూస్తే మళ్ళీ అదే కనబడుతుందేమోనని నాకు కాళ్ళు కదలలేదు. రెండు రోజులకోసారి మామకు ఫోన్ చేసేదాన్ని. దగ్గు ఎట్లుందని అడిగేదాన్ని. "ఏంది బిడ్డా, ఇదివరకు నన్ను గిన్నిసార్లు యాది జెయ్యలేదు. ఆస్తి రాయించుకుంటవా ఏంది?" అని నవ్వేవాడు. నవ్వు మధ్యలో దగ్గు వచ్చేది. నేను ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకుని ఆ దగ్గును లెక్కపెట్టేదాన్ని.

అలా నాలుగు నెలలు గడిచాయి.

అయిదో నెలలో యంత్రం వెంట పెట్టుకుని వెళ్ళాను. మామ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. చొక్కా భుజాల నుంచి జారినట్టు ఉంది. ఆయన బెల్టుకు కొత్త బెజ్జం వేయించానని అత్త మామూలుగా చెప్పింది. అత్త లోపలికి వెళ్ళాక వాకిట్లో కుర్చీలో కూర్చుని మొత్తం చెప్పాను. రోడ్డు, కుదుపు, అంకె, గుర్తు, సొరుగు. మామ అడ్డు రాకుండా విన్నాడు. తర్వాత ఒకటే అడిగాడు.

"ఎన్నొద్దులాయె?"

"నాలుగు నెల్లు దాటింది మామా."

నన్ను క్షమించాడని రాస్తే చదివేవాళ్ళకు బాగుంటుంది. క్షమించలేదు. మామకు అంత కోపం రావడం నేను ఎన్నడూ చూడలేదు. "కప్పు డబ్బుమన్నంక లోపల మందిని పెట్టుకొని నాలుగు నెల్లు ఊకుంటరా? ఎవలు నేర్పిండ్రు నీకు?" అన్నాడు. "అనుమానముంటే ఏం జెయ్యాలె? మందిని బయటికి తియ్యాలె, ఎంబడే రెండోసారి కొట్టి చూడాలె. ఉత్తదైతే నవ్వుకుంటం. నవ్వుకుంటే ఏం పోతది?" గొంతు పెరిగితే దగ్గు వచ్చి మాట ఆగిపోయింది. అత్త నీళ్ళు తీసుకుని పరుగెత్తుకొచ్చింది. ఆమెకు ఏమీ చెప్పొద్దని చేత్తో సైగ చేశాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రోజు తీసిన నెత్తురును అక్కడే తిప్పి వేరుచేశాను. ఫలితం కోసం మామ ఆగలేదు. మర్నాడు పొద్దున్నే దవాఖానకు వెళ్ళి స్కాన్ రాయించుకున్నాడు.

కుడి ఊపిరితిత్తిలో గడ్డ. కాలేయంలో రెండు మచ్చలు. హైదరాబాదులో ముక్క తీసి చూశాక డాక్టరు అన్నీ వివరించాడు. మామ మంచం అంచున కూర్చుని విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సామాను ముందే పోయిందన్నమాట," అన్నాడు. డాక్టరుకు అర్థం కాలేదు. నాకు అర్థమై బయటికి వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. ఆ నాలుగు నెలల వల్ల ఎంత తేడా వచ్చిందని తర్వాత డాక్టరును ఒంటరిగా అడిగాను. చెప్పలేమన్నాడు. అప్పటికే పాకి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. ఆ జవాబుతోనే నేను బతకాలి.

మామ భయాన్ని నేను మొదటిసారి చూసింది ఆ దవాఖానలోనే. ముప్పై నాలుగేళ్ళు భూమి కడుపులో తిరిగిన మనిషి, స్కానింగ్ యంత్రం గొట్టంలోకి పోవడానికి వణికాడు. అత్త చెయ్యి వదల్లేదు. నర్సు వదిలించబోతే, "జర ఆగమ్మా," అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆ సాయంత్రం నాతో అన్నాడు: "బాయిల భయమైతే బయటికి ఉరుకుతుంటిమి. ఇది నా లోపల్నే ఉండె. ఇప్పుడు ఎటు ఉరకాలె బిడ్డా?" ఆయన కాళ్ళ మీద దుప్పటి సరిచేశాను.

మందులు ఎక్కించే రోజుల్లో కూడా బుర్ర ఊరుకునేది కాదు. వాంతులు తగ్గిన పూట పిలిచి అడిగాడు. "ఆ సంచులకు పోయే తోవ ఎరికే గదా. గా సంచులల్లనే మందు నింపి పంపరాదా? ఒళ్ళంత ఎందుకు తగలవెడుతున్రు?" అలా చేయాలని ప్రపంచంలో చాలామంది ప్రయత్నిస్తున్నారని చెప్పాను. సంచుల్లో మందు నింపి క్యాన్సర్ కణం దగ్గరికే పంపితే మిగతా ఒంటికి బాధ తగ్గుతుందని ఆశ. కానీ సరిపడా సంచులు తయారుచేయడం కష్టం, అవి వేరేచోటికి పోకుండా చూడడం ఇంకా కష్టం, మనదాకా రావడానికి టైం పడుతుంది అన్నాను. మామ వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుని, "నాకు కాదు లే. పని మాత్రం ఆపకున్రి," అన్నాడు.

కోపం తగ్గిందా అని నేను అడగలేదు. అడిగే ధైర్యం నాకెక్కడిది? ఇంటికి తెచ్చేశాక ఒక మధ్యాహ్నం తనే ఒప్పుకోలు పత్రం తెమ్మన్నాడు. కళ్ళద్దాలు పెట్టుకుని, ఫలితాలు తెలపబడవన్న వాక్యం మీద వేలు పెట్టాడు. "గిది మార్పియ్యి. అనుమానమొస్తే మనిషికి చెప్పాలె. పదొద్దులల్ల రెండోసారి చూడాలె. నువ్వు భయపడతవు, నాకెరికే. నీ భయానికి కాయితం సాకు కావద్దు." మేడమ్‌కు జరిగిందంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. ఆ పత్రాన్ని పై కమిటీ ముందు పెట్టించారు. రెండు నెలలకు ఆ వాక్యం మారింది. మామకు చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విని, మళ్ళీ చదవమన్నాడు. అది ఆయన పోవడానికి పన్నెండు రోజుల ముందు.

కర్మకాండ అయిపోయిన మర్నాడు, నేను తిరుగు ప్రయాణానికి సంచి సర్దుకుంటుంటే, అత్త వచ్చి నా ముందు కూర్చుంది. "నాది గుడ తియ్యి," అంది. బాయి దుమ్ము పట్టని ఇంటివాళ్ళ నెత్తురు కూడా ప్రయోగానికి కావాలని మామ ఎప్పుడో చెప్పాడట. వద్దన్నాను. ఇప్పుడే వద్దు, కాస్త తేరుకున్నాక చూద్దామన్నాను. "మీ మామ ఉంటే వద్దనునా?" అంది. తీశాను. రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. అత్త కొత్త పత్రం మీద వేలిముద్ర వేయనంది, అక్షరాలు కూడబలుక్కుని సంతకమే పెట్టింది. నెత్తురును అక్కడే, వాళ్ళ వంటగది గట్టు మీదే, ఆ రోడ్డు తప్పు తర్వాత ఊరికి ఎప్పుడొచ్చినా వెంట తెచ్చుకుంటున్న యంత్రంలో తిప్పాను. వేరుచేసిన దాన్ని ఐసులో పెట్టి తీసుకెళ్ళాను.

మొన్న మంగళవారం ఆ ఫలితం వచ్చింది. ఊపిరితిత్తి గుర్తు కాదు, ఇంకేవో కణాలది. మామకు ఉన్నంత ఎక్కువ కాదు, ఉండాల్సినంత తక్కువా కాదు. ఏమీ కాకపోవచ్చు. నెలల తరబడి నిద్ర లేని ఒంట్లో ఏవేవో మారతాయి, కేవలం నేను చేసిన పొరపాటు కూడా కావచ్చు. కానీ ఈసారి నెపం రోడ్డు మీదికి నెట్టడానికి వీల్లేదు. కాగితం చేతిలో పట్టుకుని సొరుగు వైపు చూశాను. నిజం చెబుతున్నాను, చూశాను. చిన్నప్పుడు గుమ్మాల్లో నిలబడ్డ ఆడవాళ్ళ కాళ్ళు నా కాళ్ళయిపోయాయి. ఒక గంట పట్టింది. అప్పుడు మేడమ్‌కు చూపించాను, ఆ తర్వాత ఫోన్ తీశాను.

"అత్తా, ఇంకోసారి తియ్యాల్సొచ్చేటట్టుంది."

అవతల కుక్కరు కూత వినబడింది. అత్త స్టవ్ కట్టేసిన చప్పుడు వినబడింది.

"ఎప్పుడొస్తవు?" అంది.

"రేపే."

ఏమిటని అడగలేదు. నేను చెప్పబోతే, "వచ్చినంక చెప్పు," అంది. ఆ గొంతులో భయం ఉంది, నాకు తెలుసు. నా గొంతులో ఉన్నది ఆమెకు తెలియకుండా ఉంటుందా.

మంచిర్యాల వైపు పోయే రైల్లో ఇదంతా రాయడం మొదలుపెట్టాను. రామగుండంలో దిగి ఆటో ఎక్కాను. పొద్దున తొమ్మిదయింది. కాలనీలో డ్యూటీకి పోయేవాళ్ళు పోయారు, వీధి ఖాళీగా ఉంది. యంత్రం ఒళ్ళో బరువుగా ఉంది. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూ వచ్చాను, ఒక్క మాటా నిలవలేదు. మలుపు తిరగగానే ఇల్లు కనబడింది. అత్త వాకిట్లో వెలుతురు బాగా పడేచోట కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా నా కోసం ఇంకో కుర్చీ వేసి ఉంది. తల దువ్వుకుంది. వీధి వైపే చూస్తోంది. ఎడమ చెయ్యి ఒళ్ళోని దిండు మీద చాచి, జాకెట్టు చెయ్యి మోచేతి పైదాకా మడిచి, అప్పటికే సిద్ధంగా పెట్టుకుంది.